ఆదివారం కోసం సరిహద్దు దాటిన ఆట

నూలు మిల్లులు, దారం ఫ్యాక్టరీలు, ఉక్కు కొలుములు, ఓడల యార్డులు కలిసి నిలబెట్టిన లీగ్ అది. పన్నెండేళ్లు వెలిగింది. ప్రపంచ కప్ తొలి హ్యాట్రిక్ కొట్టిన కుర్రాణ్ని పెంచింది. యజమానుల పంతాలకూ మిల్లుల మూతకూ బలైంది. 1921 నుంచి 1933 దాకా అమెరికా ఈశాన్య తీరంలో నడిచిన అమెరికన్ సాకర్ లీగ్ కథ ఇది.

1922లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్ రివర్‌లో డబ్బు తీసుకుని ఆడే ఆటలకు ఆదివారం అనుమతి లేదు. దేవుడి రోజున వినోదం అమ్మకూడదన్నది అక్కడి పాత చట్టం. మిల్లు కార్మికులకేమో వారం మొత్తమ్మీద పూర్తిగా ఖాళీ దొరికేది ఆ ఒక్కరోజే. ఆ ఏడాదే ఊరి ఫుట్‌బాల్ జట్టును కొన్న శామ్ మార్క్ అనే స్థానిక వ్యాపారి చట్టంతో తగువు పెట్టుకోలేదు. పొలిమేర దాటాడు. ఫాల్ రివర్‌ను ఆనుకునే రోడ్ ఐలండ్ రాష్ట్రం మొదలవుతుంది. సరిహద్దుకు అవతలి పక్కన, నార్త్ టివర్టన్‌లో స్థలం చూసి దాదాపు 15 వేల మంది పట్టే స్టేడియం కట్టించాడు. అమెరికాలో ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియాలు అప్పటికి చాలా అరుదు. మిగతా చోట్ల బేస్‌బాల్ వాళ్లు ఖాళీగా వదిలిన మైదానాల్లోనే సర్దుకునేవారు. జట్టుకు తన పేరు కలిసొచ్చేలా ఫాల్ రివర్ మార్క్స్‌మెన్ అని పేరు పెట్టాడు. ఇక ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ఊరు ఊరంతా రాష్ట్రం దాటి పక్క రాష్ట్రానికి వెళ్లి సొంత జట్టు ఆట చూసి వచ్చేది.

అమెరికాలో ఫుట్‌బాల్‌కు వేళ్లు లేవనే మాట మనం తరచూ వింటాం. 1970ల్లో పెలేని తెచ్చి, 1994లో ప్రపంచ కప్ పెట్టి ఆ దేశానికి ఈ ఆట నేర్పారని చెబుతుంటారు. అది నిజం కాదు. పెలే న్యూయార్క్‌లో దిగడానికి అర్ధ శతాబ్దం ముందే అక్కడ యూరప్ ఆటగాళ్లను ఆకర్షించేంత జీతాలిచ్చిన లీగ్ ఉంది. అది పోయింది జనానికి ఆట రుచించక కాదు. జనం వస్తుండగానే నడిపేవాళ్లు ఒకరితో ఒకరు కొట్టుకున్నారు. ఆ దెబ్బలు మానేలోపు ఆటకు అన్నం పెట్టిన ఊళ్లే కూలిపోయాయి.

దారం వెంట వచ్చిన బంతి

స్కాట్లండ్‌లోని పెయిస్లీ దారాలకు పేరుబడ్డ ఊరు. ఆ ఊరి క్లార్క్ కుటుంబం పంతొమ్మిదో శతాబ్దంలో న్యూజెర్సీలోని నెవార్క్, కెర్నీ ప్రాంతంలో దారం ఫ్యాక్టరీలు పెట్టింది. యంత్రాల పని తెలిసినవాళ్లు కావాలి కాబట్టి స్కాట్లండ్ నుంచి కార్మికులు వచ్చారు. వాళ్లతో పాటు ఆటా వచ్చింది. క్లార్క్ దారం ఫ్యాక్టరీ జట్టు 1885లో మొట్టమొదటి అమెరికన్ కప్ గెలిచింది. తర్వాతి రెండేళ్లూ అదే గెలిచింది. పెయిస్లీకే చెందిన మరో దారం కంపెనీ జె అండ్ పి కోట్స్ రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో మిల్లు నడిపేది. అమెరికాలో యంత్రాలతో నూలు వడకడం మొదలైందీ పాటకెట్‌లోనే, 1790ల్లో. కోట్స్ కంపెనీకీ సొంత జట్టు ఉండేది.

ఫాల్ రివర్ సంగతి వేరు. ఒకరిద్దరు కాదు, అక్కడికి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నుంచి నేతగాళ్ల కుటుంబాలే తరలివచ్చాయి. లాంకషైర్ అంటే వృత్తి ఫుట్‌బాల్ పుట్టిల్లు. తర్వాత కెనడా నుంచి ఫ్రెంచి మాట్లాడే వాళ్లు, అజోర్స్, మదీరా దీవుల నుంచి పోర్చుగీసు వాళ్లు వచ్చి చేరారు. అక్కడే దొరికే గ్రానైట్ రాయితో కట్టిన మిల్లులు వందకు పైగా లేచాయి. నూలు బట్టల ఉత్పత్తిలో దేశంలోనే పెద్ద కేంద్రంగా ఎదిగిన ఆ ఊళ్లో వీధి వీధికీ జట్టు ఉండేది. 1888, 1889లో అమెరికన్ కప్ ఫాల్ రివర్ రోవర్స్ ఇంటికే వెళ్లింది.

పెన్సిల్వేనియాలో ఈ పని చేసింది ఉక్కు. చార్ల్స్ ష్వాబ్ అధిపతిగా ఉన్న బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఎడ్గర్ లూయిస్ అనే పై అధికారి ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాడు. వేల్స్‌లో పుట్టిన మనిషి. తనూ ఆడేవాడు. ఆయన పట్టుదలతో కార్మికుల జట్టు కాస్తా కంపెనీ జట్టు అయింది. 1915, 1916, 1918, 1919లో దేశవ్యాప్త పోటీ అయిన నేషనల్ చాలెంజ్ కప్ గెలిచింది. 1919లోనే ఓడెక్కి స్వీడన్, డెన్మార్క్ వెళ్లి ఆడొచ్చింది. 1916 నుంచి 1918 దాకా వరసగా మూడు చాలెంజ్ కప్ ఫైనళ్లలో బెత్లెహెమ్ స్టీల్, ఫాల్ రివర్ రోవర్స్ తలపడ్డాయి. ఉక్కు రెండుసార్లు గెలిస్తే నూలు ఒకసారి గెలిచింది. ఆ మూడు ఫైనళ్లు చూసిన ఎవరికైనా, ఈ జట్లు ఏడాది పొడవునా ఒకదాంతో ఒకటి ఆడితే ఎలా ఉంటుందన్న ఆలోచన రాక మానదు.

అలా ఆలోచించినవాడు టామ్ క్యాహిల్. న్యూయార్క్‌లో పుట్టి సెయింట్ లూయిస్‌లో పెరిగాడు. 1913లో ఏర్పడిన జాతీయ ఫుట్‌బాల్ సంఘానికి మొదటి కార్యదర్శి. న్యూయార్క్, న్యూజెర్సీ చుట్టుపక్కల ఒక లీగ్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ ఉన్న దక్షిణ న్యూ ఇంగ్లండ్‌లో ఒక లీగ్ విడివిడిగా నడుస్తుండేవి. వాటిలోని బలమైన జట్లను కలిపి 1921లో అమెరికన్ సాకర్ లీగ్ పెట్టారు. మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా: మొదట్లో దీని సరిహద్దులు అంతే. పేరులో అమెరికా ఉన్నా ఇది రైలెక్కితే ఒక పూటలోనో రాత్రికో చేరుకోగల ఊళ్ల లీగ్. దాని బలం కూడా అదే.

మొదటి ఏడాది ఎనిమిది జట్లు: ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బ్రూక్లిన్ ఓడల కంపెనీ టాడ్ షిప్‌యార్డ్స్, హారిసన్, జెర్సీ సిటీ సెల్టిక్స్, ఫాల్ రివర్ యునైటెడ్, హోల్యోక్ ఫాల్కోస్, పాటకెట్ జె అండ్ పి కోట్స్. జెర్సీ సిటీ కొద్ది మ్యాచ్‌లకే చేతులెత్తేసింది. బెత్లెహెమ్ ఆటగాళ్లను పెద్ద నగరమైతే జనం ఎక్కువ వస్తారని ఫిలడెల్ఫియా పేరుతో ఆడించారు. టైటిల్ గెలిచారు కానీ జనం రాలేదు. మరుసటి ఏడాది జట్టు తిరిగి బెత్లెహెమ్ చేరింది. రెండో టైటిల్ దారం ఫ్యాక్టరీ కోట్స్‌ది. ఆపైన వరసగా మూడు టైటిళ్లు శామ్ మార్క్ జట్టువి.

ఒక్క సీజన్‌లో 67 గోల్స్

ఆర్చీ స్టార్క్ 1897లో గ్లాస్గోలో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబంతో కెర్నీ వచ్చి, అక్కడి వీధుల్లో ఆడి పెద్దవాడయ్యాడు. పొట్టి మనిషి. 1924లో బెత్లెహెమ్ స్టీల్ అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌లో లీగ్ 12 జట్లకు పెరిగింది. ఒక్కో జట్టుకు 44 మ్యాచ్‌లు. స్టార్క్ 67 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్‌లో డిక్సీ డీన్ 60 గోల్స్ కొట్టిన సీజన్‌ను ఫుట్‌బాల్ లోకం ఈనాటికీ కథలుగా చెప్పుకుంటుంది. అది మూడేళ్ల తర్వాతి సంగతి. స్టార్క్ అన్ని కొట్టినా ఆ ఏడాది టైటిల్ మాత్రం ఫాల్ రివర్‌దే. మార్క్స్‌మెన్ ఎంత గట్టి జట్టో తెలియాలంటే ఆ ఒక్క విషయం చాలు.

ఆ రోజుల్లో ఈ లీగ్‌లో ఆడటమంటే మామూలు ఒళ్లు సరిపోయేది కాదు. సీజన్ ఆకురాలే కాలంలో మొదలై చలికాలం మీదుగా వేసవి దగ్గరపడే దాకా సాగేది. న్యూ ఇంగ్లండ్ మంచు సంగతి అక్కడున్న మనవాళ్లను అడిగితే చెబుతారు. శనివారం ఒక ఊళ్లో, ఆదివారం మరో ఊళ్లో ఆడాల్సి వచ్చేది. మధ్యలో రైలు ప్రయాణం. చాలామందికి ఆట డబ్బుతో పాటు ఫ్యాక్టరీలో ఉద్యోగం కూడా ఉండేది.

ఆ ఉద్యోగమే యూరప్‌ను కదిలించింది. స్కాట్లండ్‌లో క్లబ్బులు ఆటగాళ్లకు ఇచ్చే జీతాలు తక్కువ. ఆట వయసు దాటితే దిక్కు లేదు. అమెరికా క్లబ్బులు మంచి జీతం, ఉద్యోగం రెండూ ఇస్తామన్నాయి. గ్లాస్గో రేంజర్స్ నుంచి టామీ మ్యూర్‌హెడ్ బోస్టన్ వచ్చాడు, కొన్నాళ్లకే తిరిగి వెళ్లిపోయాడు. మోర్టన్ వింగర్ అలెక్ మెక్‌నాబ్ బోస్టన్ వచ్చి అమెరికాలోనే స్థిరపడ్డాడు. మాంచెస్టర్ సిటీలో ఆడిన మికీ హామిల్ ఫాల్ రివర్ దారి పట్టాడు. కాంట్రాక్టులో ఉన్నవాళ్లను ఎత్తుకుపోతున్నారని యూరప్ సంఘాలు ఫిఫా దగ్గర మొర పెట్టుకున్నాయి. 1927లో హెల్సింకీలో జరిగిన ఫిఫా సమావేశానికి అమెరికా సంఘం అధ్యక్షుడు ఆండ్రూ బ్రౌన్ స్వయంగా వెళ్లి, ఇకపై కాంట్రాక్టులను గౌరవిస్తామని ఒప్పుకుని రావాల్సి వచ్చింది. అమెరికాలో సాకర్ ఎదగలేదనే వాళ్లు ఈ ఘట్టం చదవాలి. ఎదగని ఆటకు భయపడి ఎవరూ ఫిఫా గడప తొక్కరు.

బయటి ఆటగాళ్లు ఎంతమంది వచ్చినా లీగ్‌కు ప్రాణం పోసినవాళ్లు మిల్లు ఊళ్ల పిల్లలే అని నేను గట్టిగా నమ్ముతాను. న్యూయార్క్ జెయింట్స్ తరఫున 1926–27లో 52 గోల్స్ కొట్టిన డేవీ బ్రౌన్ కెర్నీ పక్కనే పుట్టాడు. పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1908లో పుట్టిన బిల్లీ గొన్సాల్వెస్ ఫాల్ రివర్‌లో పెరిగాడు. ఆరడుగులు దాటిన మనిషి. రెండు కాళ్లతోనూ ఒకే బలంతో కొట్టేవాడు. జీవితం మొత్తమ్మీద ఎనిమిదిసార్లు నేషనల్ చాలెంజ్ కప్ గెలిచిన జట్లలో ఉన్నాడు. బేస్‌బాల్‌కు బేబ్ రూత్ ఎలాగో సాకర్‌కు ఇతను అలాగని పత్రికలు రాసేవి. ఫ్రెంచి కెనడా మూలాలున్న బెర్ట్ పాటెనోడ్ కూడా ఆ ఊరివాడే. అతని దగ్గరికి మళ్లీ వస్తాను.

వియన్నా నుంచి వచ్చిన వాళ్లు

1926 మే 1న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో 46 వేల మంది ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూశారు. 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు దాన్ని దాటేదాకా అమెరికా గడ్డ మీద ఆ ఆటకు అదే అతిపెద్ద జనసందోహం. ఆడటానికి వచ్చింది హకోవా వియన్నా. అంతకుముందు ఏడాదే ఆస్ట్రియా చాంపియన్‌గా నిలిచిన యూదుల క్లబ్. వాళ్లను పిలిపించింది బ్రూక్లిన్ వాండరర్స్ యజమాని నాట్ ఆగర్. న్యూయార్క్‌లోని లక్షలాది యూదు కుటుంబాలకు ఆ జట్టు ఒక పండగలా వచ్చింది. సొంత దేశంలో ఎగతాళినీ ద్వేషాన్నీ భరిస్తూ ఆడుతున్న ఆటగాళ్లకు ఈ నగరం వేరే గాలిలా తోచి ఉండాలి. పర్యటన అయ్యాక చాలామంది అక్కడే ఆగిపోయి లీగ్ జట్లలో చేరారు. న్యూయార్క్‌లోనే హకోవా పేరుతో ఒక జట్టు వెలిసి 1929లో నేషనల్ చాలెంజ్ కప్ గెలిచింది.

అలా ఉండిపోయిన వాళ్లలో బేలా గుట్‌మన్ ఒకడు. బుడాపెస్ట్‌లో పుట్టిన హాఫ్‌బ్యాక్. న్యూయార్క్ జెయింట్స్‌కు, తర్వాత హకోవాకు ఆడాడు. 1929 షేర్ల పతనంలో దాచుకున్నదంతా పోగొట్టుకుని, కొన్నేళ్లకు యూరప్ తిరిగి వెళ్లాడు. ఆ గుట్‌మనే 1961, 1962లో పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాకు కోచ్‌గా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిపించాడు. ఫైనల్స్‌లో ఓడించింది మొదటిసారి బార్సిలోనాను, రెండోసారి రియల్ మాడ్రిడ్‌ను. ఆ కాలపు గొప్ప కోచ్‌లలో ఒకడు తన ఆట వయసులో మంచి ఏళ్లను ఈ మరచిపోయిన లీగ్‌లో గడిపాడన్న సంగతి ఎంతమందికి తెలుసు?

సాకర్ యుద్ధం

ఇక చెప్పడానికి బాధ కలిగించే భాగం. లీగ్‌కూ జాతీయ సంఘానికీ మధ్య నిప్పు రాజేసింది చాలెంజ్ కప్. ఆ కప్ మ్యాచ్‌లు లీగ్ సీజన్ మధ్యలో వచ్చి పడేవి. చలికాలంలో గడ్డకట్టిన మైదానాల మీద ఆడాలి. గెలుస్తూపోతే దూరాభారాలు ప్రయాణించాలి. వచ్చిన వసూళ్లలో సంఘానికి వాటా ఇవ్వాలి. లీగ్ మ్యాచ్ పెట్టుకుంటే ఆ శని, ఆదివారాల డబ్బు పూర్తిగా క్లబ్బుదే. 1924–25లోనే లీగ్ ఒకసారి కప్‌ను బహిష్కరించి, ఎడ్గర్ లూయిస్ ఇచ్చిన ట్రోఫీతో సొంత కప్ పెట్టుకుంది. అప్పటికి రాజీ కుదిరింది.

1927లో చార్ల్స్ స్టోన్‌హామ్ అడుగుపెట్టాడు. బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ (అదే పేరున్న సాకర్ జట్టు వేరు) యజమాని, వాల్ స్ట్రీట్ మనిషి. ఇండియానా ఫ్లోరింగ్ అనే కంపెనీ జట్టును కొని న్యూయార్క్ నేషనల్స్ అని పేరు మార్చాడు. బేస్‌బాల్ పెద్దలీగులు ఎవరి మాటా వినక్కర్లేదు, తమ నియమాలు తామే రాసుకుంటాయి. సాకర్ లీగ్ కూడా అలాగే ఉండాలన్నది ఆయన పట్టు. అసలు ఈ లీగ్ కొత్త పద్ధతులకు ఎప్పుడూ వెనకాడలేదు. ప్రపంచ కప్‌లో 1970 దాకా రాని సబ్‌స్టిట్యూట్లను 1920ల్లోనే అనుమతించింది. అందుకే స్వతంత్రంగా ఉండాలన్న ఆ కోరికను నేను పూర్తిగా తప్పుపట్టలేను. తప్పు పట్టాల్సింది తెగేదాకా లాగిన తీరును.

1928లో లీగ్ తన క్లబ్బులేవీ కప్‌లో ఆడకూడదని తీర్మానించింది. బెత్లెహెమ్ స్టీల్, న్యూయార్క్ జెయింట్స్, నెవార్క్ స్కీటర్స్ ఆ మాట కాదని పేర్లిచ్చాయి. లీగ్ ఒక్కో క్లబ్బుకు వెయ్యి డాలర్ల జరిమానా వేసి మూడింటినీ సస్పెండ్ చేసింది. వెనక్కి తీసుకోమని జాతీయ సంఘం ఆదేశించింది. లీగ్ వినలేదు. సంఘం మొత్తం లీగ్‌నే వెలివేసింది. ఫిఫా గుర్తింపు ఉన్నది సంఘానికే కాబట్టి, వెలిపడ్డ లీగ్‌లో ఆడుతున్న వాళ్లందరూ ఒక్కరోజులో చట్టవిరుద్ధ ఆటగాళ్లయ్యారు. బయటికొచ్చిన మూడు క్లబ్బులకు న్యూయార్క్ స్థానిక లీగ్ జట్లను జతచేసి, ఈస్టర్న్ సాకర్ లీగ్ అని పోటీ లీగ్‌ను సంఘం నిలబెట్టింది.

ఒకే నగరంలో, ఒకే ఆదివారం, రెండు లీగులు. జనం ఏది చూడాలి? కొత్త జట్టును కూర్చుకోవడానికి ఒకరి ఆటగాళ్లను మరొకరు ఎక్కువ జీతం చూపి లాక్కున్నారు. ఖర్చు పెరిగింది, గేటు వసూళ్లు పడిపోయాయి. ఏడాది గడిచేసరికి ఇద్దరి దగ్గరా డబ్బు అయిపోయింది. 1929 అక్టోబరులో లీగ్ తలవంచింది. రెండు లీగులూ కలిసి అట్లాంటిక్ కోస్ట్ లీగ్ అయ్యాయి. కొన్నాళ్లకు పాత పేరే మళ్లీ పెట్టుకున్నాయి. రాజీ కుదిరిన ఆ అక్టోబరు నెలాఖరులోనే వాల్ స్ట్రీట్ కుప్పకూలింది.

సంఘానిది కూడా తప్పే. కప్ మ్యాచ్‌లను సీజన్ చివరికి మార్చడం అసాధ్యమేమీ కాదు. ఆ ఒక్క సర్దుబాటు ముందే చేసి ఉంటే యుద్ధానికి కారణమే ఉండేది కాదు. ఎవరి మాట చెల్లాలన్న పంతంలో పడి, ఆటను కాపాడాల్సిన వాళ్లే దాని ఊపిరి తీశారు.

మాంటివీడియో, 1930

ఇంత గాయం తిన్న లీగ్ నుంచే, తొమ్మిది నెలల్లోపు, మొట్టమొదటి ప్రపంచ కప్‌కు అమెరికా జట్టు బయల్దేరింది. ఆటగాళ్లలో ఎక్కువమంది ఈ లీగ్ వాళ్లే. కెప్టెన్ టామ్ ఫ్లోరీ న్యూజెర్సీలోని హారిసన్‌లో పుట్టి న్యూ బెడ్‌ఫోర్డ్ వేలర్స్‌కు ఆడుతున్నవాడు. గొన్సాల్వెస్, పాటెనోడ్ ఉన్నారు. కోచ్ రాబర్ట్ మిల్లర్ ఒకప్పటి బెత్లెహెమ్ ఫార్వర్డ్. ఆర్చీ స్టార్క్ మాత్రం లేడు. కొత్తగా మొదలుపెట్టిన మోటారు వ్యాపారం వదిలి అన్ని వారాలు ఓడ ప్రయాణం చేయలేకపోయాడు.

జులై 13న బెల్జియంను 3–0తో ఓడించారు. జులై 17న పరాగ్వేను కూడా 3–0తోనే. ఆ మూడు గోల్స్ కొట్టింది పాటెనోడ్. వయసు ఇరవై ఏళ్లు. ఇంతా చేసి ఆ ఘనత అతని పేరున నమోదు కాలేదు. రెండో గోల్‌ను కొందరు ఫ్లోరీ ఖాతాలో వేశారు, ఇంకొందరు పరాగ్వే ఆటగాడి సెల్ఫ్ గోల్ అన్నారు. రెండు రోజుల తర్వాత మెక్సికో మీద మూడు గోల్స్ కొట్టిన అర్జెంటీనా ఆటగాడు గియెర్మో స్టాబిలే తొలి హ్యాట్రిక్ వీరుడిగా పుస్తకాలకెక్కాడు. తోటి ఆటగాళ్లు, ఆనాటి పత్రికల వివరాలు పాటెనోడ్ వైపే ఉన్నాయి. ఫిఫా దాన్ని ఒప్పుకున్నది 2006 నవంబరు 10న. పాటెనోడ్ 1974లోనే, తన 65వ పుట్టినరోజున కన్నుమూశాడు.

సెమీ ఫైనల్లో అర్జెంటీనా చేతిలో 6–1తో ఓడిపోయారు. స్కోరు చూస్తే చిత్తుగా ఓడినట్టే. ఆ మ్యాచ్‌లో రాల్ఫ్ ట్రేసీ కాలు విరిగింది. గోల్ కీపర్ జిమ్మీ డగ్లస్‌కు దెబ్బ తగిలింది. బదులు ఆటగాణ్ని దింపే వీలు లేదు. సొంత లీగ్‌లో అలవాటైన ఆ వెసులుబాటు ప్రపంచ కప్‌లో దొరకలేదు. మూడో స్థానం కోసం మ్యాచ్ జరగలేదు కానీ ఫిఫా తర్వాత లెక్కగట్టి అమెరికాకు ఆ స్థానం ఇచ్చింది. పురుషుల ప్రపంచ కప్‌లో ఆ దేశం అంతకన్నా పైకి ఎప్పుడూ రాలేదు.

జట్టులో బ్రిటన్‌లో పుట్టిన ఆరుగురున్నారని, కాబట్టి అది అద్దె జట్టని ఒక అపవాదు చాలాకాలం నడిచింది. నిజానికి ఇంగ్లండ్ లీగ్‌లో ఆడిన అనుభవం జార్జ్ మూర్‌హౌస్ ఒక్కడిదే. ట్రాన్మియర్ రోవర్స్‌కు కొద్ది మ్యాచ్‌లు ఆడాడు, అంతే. మిగతా అయిదుగురూ పొట్టకూటి కోసం వలస వచ్చి అమెరికాలోనే ఆటగాళ్లుగా ఎదిగారు. వలస వచ్చినవాళ్ల పిల్లలు ఏ దేశం వాళ్లన్న ప్రశ్న ఇవాళ మన తెలుగు ఇళ్లకూ కొత్తది కాదు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి: ఆ జట్టు అమెరికాదే.

మిల్లులు మూతపడ్డాక

షేర్ల పతనానికి ముందే న్యూ ఇంగ్లండ్ నూలు పరిశ్రమ కుంగిపోతూ వచ్చింది. పత్తి పండేచోటే, తక్కువ కూలికే బట్ట నేసే కొత్త మిల్లులు దక్షిణాది రాష్ట్రాల్లో వెలిశాయి. 1928 ఫిబ్రవరిలో ఫాల్ రివర్‌లో మూతపడిన పొకాసెట్ మిల్లును కూలగొడుతుండగా నిప్పంటుకుని ఊరి నడిబొడ్డు కాలిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పక్కనున్న న్యూ బెడ్‌ఫోర్డ్‌లో యజమానులు కూలి పది శాతం తగ్గించారు. వేల మంది కార్మికులు అక్టోబరు దాకా సమ్మె చేశారు. లీగ్ క్లబ్బుల యజమానులు కప్ గురించి కొట్లాటకు దిగింది కూడా ఆ ఏడాదే. గ్యాలరీలో కూర్చునే మనిషికి కూలి లేదు, టికెట్ ఎక్కడ కొంటాడు?

బెత్లెహెమ్ స్టీల్ 1930లో జట్టును రద్దు చేసింది. దేశంలో అన్ని కప్పులు గెలిచిన జట్టు సొంత ఊళ్లో ఏనాడూ పెద్ద గుంపును రాబట్టలేకపోయింది. కంపెనీ డబ్బు ఆగిన రోజునే ఆటా ఆగింది. 1931 మొదట్లో శామ్ మార్క్ కూడా ఫాల్ రివర్‌ను వదిలి జట్టును న్యూయార్క్ తీసుకుపోయి యాంకీస్ అని పేరు పెట్టాడు. ఆ ఏడాది చాలెంజ్ కప్ ఫైనల్ తొలి మ్యాచ్‌లో షికాగో మీద 6–2తో గెలిచినప్పుడు అయిదు గోల్స్ పాటెనోడ్‌వే. అంత ఆడినా జట్టు నిలవలేదు. కొద్ది నెలల్లోనే న్యూ బెడ్‌ఫోర్డ్‌తో కలిపేశారు. అదే ఏడాది ఫాల్ రివర్ నగర పాలన దివాలా తీసి, లెక్కలు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్లాయి. 1921, 1924 వలస చట్టాల వల్ల యూరప్ నుంచి కొత్తగా వచ్చే కుటుంబాలూ తగ్గాయి. క్లబ్బులు పేర్లు మార్చుకున్నాయి, కలిశాయి, విడిపోయాయి, మధ్యలోనే తప్పుకున్నాయి. 1933లో లీగ్ ముగిసింది.

అదే పేరుతో వెంటనే మరో లీగ్ మొదలై 1983 దాకా నడిచింది. అది చిన్నది. పగలు వేరే పని చేసుకుని వారాంతాల్లో ఆడేవాళ్లది. అయినా పాత ఊళ్లు ఆటను వదల్లేదు. కెర్నీ స్కాట్స్ 1937 నుంచి 1941 దాకా వరసగా అయిదు టైటిళ్లు గెలిచింది. 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించిన అమెరికా జట్టులో ఫాల్ రివర్ పోర్చుగీసు బిడ్డలు ఎడ్ సౌజా, జాన్ సౌజా ఉన్నారు. బంధువులు కాదు, ఒకే ఊరివాళ్లు. 1994 ప్రపంచ కప్ ఆడిన టోనీ మియోలా, జాన్ హార్క్స్, టాబ్ రామోస్ కెర్నీ, హారిసన్ ప్రాంతంలో పెరిగినవాళ్లే.

2026 ప్రపంచ కప్ ఫైనల్‌కు ఎంపికైన స్టేడియం న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫోర్డ్‌లో ఉంది. కెర్నీ అక్కడికి కొద్ది మైళ్ల దూరమే. జెర్సీ సిటీ, ఎడిసన్‌లలో ఇవాళ వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. హారిసన్‌లో దిగి లీగ్ మ్యాచ్ చూసొచ్చే మన పిల్లలూ ఉన్నారు. వాళ్లు నడిచే ఆ వీధుల్లో 1921లోనే లీగ్ జట్టు ఉందని ఎవరైనా వాళ్లకు చెప్పాలి.

ఈ వివరాలు మనకు దొరకడానికి పెద్ద కారణం కెనడాకు చెందిన చరిత్రకారుడు కాలిన్ జోస్. పాత దినపత్రికల నుంచి స్కోర్లు, ఆటగాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా ఏరి, 1998లో ఈ లీగ్ మీద పుస్తకం వేశాడు. ఆ పని జరగకపోతే స్టార్క్ 67 గోల్స్ కూడా ఊరి కబుర్లలో కలిసిపోయేవి. ఇప్పటి అమెరికా పెద్ద లీగ్ మేజర్ లీగ్ సాకర్ 1996లో మొదలైంది. అందులో ఒక సీజన్‌లో అత్యధిక గోల్స్ 2019లో కార్లోస్ వేలా కొట్టిన 34. దాన్నే అమెరికా లీగ్ ఫుట్‌బాల్ రికార్డుగా చెప్పేవాళ్లు చాలామంది. ఆ దేశపు రికార్డుల పట్టిక 1996 నుంచి కాదు, 1921 నుంచి మొదలవ్వాలి. మొదటి వరసలో ఆర్చీ స్టార్క్, బెత్లెహెమ్ స్టీల్, 1924–25, 67 అని ఉండాలి.